ఆముదపు చెట్టు నీడలో



ఈ సభ ఆహ్వానపత్రం చూసినవాళ్ళకు ఒక సందేహం వచ్చే ఉంటుంది. స్మారకోపన్యాసం అని అచ్చువేశారు గాని ఎవరి స్మారకమో వేయలేదు. ‘మా హెబ్రీ అయ్యగారి జ్ఞాపకార్థం’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. అది ఆయన పెట్టి వెళ్ళిన షరతు. తన పేరుతో రాయి గాని, గది గాని, బహుమతి గాని, సభ గాని ఉండకూడదన్నారు. సభ వద్దన్న మాట ఎలాగూ వినలేదు, పేరు సంగతైనా విందామని నిర్వాహకులు అనుకున్నారు. తీరా చూస్తే, పేరు లేకపోవడంతో పొద్దుటి నుంచి అందరూ ‘ఎవరాయన, ఎవరాయన’ అని అడగడమే. వినయంతో ఉన్న చిక్కే ఇది. దాచినకొద్దీ బయటపడుతుంది. ఆయన ఇక్కడ ఉంటే ఈ మాటకు బల్ల మీద కొట్టి నవ్వేవారు.

బైబిలు చదువులో వినయం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఎందుకు పిలిచారో నాకు తెలుసు. ఆయన శిష్యుల్లో చదువు గర్వమనే జబ్బు అందరికంటే ముదిరినవాణ్ణి నేనే. జబ్బు పడి లేచినవాడికి మందు పేరు గుర్తుంటుందని పిలిచి ఉంటారు. పూర్తిగా లేచానని మాత్రం చెప్పను.

ఈ సాయంత్రం నేను ఒక మొక్క గురించి మాట్లాడతాను. యోనా గ్రంథం నాలుగో అధ్యాయంలో ఉన్న మొక్క.

యోనా చాలా చిన్న పుస్తకం. నాలుగు అధ్యాయాలు, 48 వచనాలు. సండేస్కూల్లో చేప యోనాను కక్కేయగానే కథ అయిపోతుంది. నాకైతే అసలు కథ అక్కడే మొదలవుతుంది. నీనెవె పశ్చాత్తాపపడింది. దేవుడు శిక్ష మానుకున్నాడు. ప్రవక్తకు ఒళ్ళు మండింది. ఊరికి తూర్పున పందిరి వేసుకుని, ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాడు. దేవుడు ఒక మొక్కను మొలిపించి ఆయన తలకు నీడ పట్టాడు. యోనాకు మహా సంతోషమైంది. మర్నాడు తెల్లవారుతుండగా ఒక పురుగు దాన్ని తొలిచింది, మొక్క వాడిపోయింది. పైన ఎండ, తూర్పు నుంచి వడగాలి. ఇంతకంటే చావే నయమన్నాడు యోనా.

ఆ మొక్క ఏమిటి? మన తెలుగు బైబిల్లో సొరచెట్టు. హెబ్రీలో ఉన్న మాట ‘కీకాయోన్’. పాత నిబంధన మొత్తంలో ఈ అధ్యాయంలో తప్ప ఆ మాట ఇంకెక్కడా రాదు. అందువల్ల పండితులకు చేతినిండా పని దొరికింది. ఎక్కువమంది అది ఆముదపు చెట్టు అంటారు. ఈజిప్టువాళ్ళు ఆముదాన్ని ‘కికి’ అంటారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. పక్కనున్న తమిళుల బైబిల్లో ఆమణక్కు అని ఉంది, హిందీ బైబిల్లో రేండ్ అని ఉంది. రెండూ ఆముదమే. తెలుగువాళ్ళం మాత్రం ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు మాదిరిగానే సొర దగ్గర ఆగాం. ఆ ఇంగ్లీషు బైబిలు కూడా 1611 అచ్చులోనే పక్క ఖాళీలో ఆముదం పేరు వేసి పెట్టింది.

ఈ సంగతులన్నీ నేను అయ్యగారి తరగతిలో నేర్చుకున్నవే. 1978 వేసవిలో మా వేదాంత కాలేజీ నుంచి నన్ను నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె సంఘానికి రెండు నెలల సేవకు పంపారు. నేను కోస్తావాణ్ణి. రెండేళ్ళ హెబ్రీ నెత్తికెక్కి ఉంది. మొదటి ఆదివారమే యోనా తీశాను. ‘మీ చేతుల్లో ఉన్న బైబిల్లో ఒక తప్పుంది’ అంటూ మొదలుపెట్టాను. పల్లె సంఘంలో ప్రసంగాన్ని ఇంతకంటే చెడ్డగా మొదలుపెట్టడం ఎవరివల్లా కాదు. నల్లబల్ల లేదు. ఆగానా? బొగ్గుముక్కతో గుడి గోడ మీదే హెబ్రీ అక్షరాలు రాశాను, కుడి నుంచి ఎడమకు. క్రిస్మస్‌కు సున్నం కొట్టేదాకా అవి అలాగే ఉన్నాయట.

ముప్పావు గంట మాట్లాడాను. ఆరాధన ముగిసింది. అందరూ వందనాలు చెప్పి వెళ్ళిపోతుంటే ఒక అవ్వ గుమ్మం దగ్గర ఆగింది. లోపల ఉన్నంతసేపు నన్ను ‘అయ్యగారూ’ అన్న మనిషి, గడప దాటగానే ‘బిడ్డా’ అంది.

“బిడ్డా, అది ఆముదపు చెట్టంటవా?”

“అవునవ్వా.”

“అట్లయితే దాసరి పురుగు వట్టి ఉంటది. అది వట్టిందంటే ఆకు మిగల్చది, ఈనెలే మిగుల్తయి.”

నాకు నోట మాట రాలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో ఆముదం వేసుకుని బతికినవాళ్ళకు దాసరి పురుగంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఆ పురుగు పదానికి వ్యాకరణం ఉంది గాని, పురుగు లేదు. అవ్వ అక్కడితో ఆగలేదు.

“సొరపాదు అనుకున్నప్పుడు గూడ నాకు మంచిగనే అనిపిచ్చేది. ముందుగాల పందిరేసుకున్నడు గద. పందిరి మీదికి సొర పాకుతది.”

ఇదీ నిజమే. పందిరి ఉండగా మళ్ళీ నీడ దేనికని వ్యాఖ్యాతలు తలలు పట్టుకున్న చోట, ఆమెకు అసలు చిక్కే కనపడలేదు. నేను తప్పు అని కొట్టేసిన మాటతోనే ఆమె కథను సాఫీగా చదువుకుంది. వెళ్ళబోతూ మళ్ళీ వెనక్కు తిరిగింది.

“గది సరే గని బిడ్డా, ఆఖరుకు ఆయన ఊర్లెకు వొయిండా, ఆడనే కూసున్నడా?”

ఆ అధ్యాయాన్ని నేను హెబ్రీలో ఎన్నోసార్లు చదివాను. ఈ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనవాళ్ళు అంటారు. ఆ ఆదివారం ఆ పల్లెలో ఆముదపు చెట్టును నేనే.

హెల్ముట్ థీలిక అనే జర్మన్ వేదాంతి యువ విద్యార్థుల కోసం ఒక చిన్న పుస్తకం రాశాడు. 1962లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఆయన ఈ జబ్బును పాపమని తిట్టడు, ఎదిగే వయసు లక్షణం అంటాడు. గొంతు మారే వయసులో పిల్లల చేత పాడించరు కదా, అలాగే చదువు ఇంకా ఒంటబట్టని రోజుల్లో విద్యార్థి చేత ప్రసంగాలు చేయించకండి అని ఆయన సలహా. 1978లో ఎవరైనా ఈ పుస్తకం నా చేతిలో పెట్టి ఉంటే బాగుండేది. నేను చదివి, అందులో తప్పులు వెతికి ఉండేవాణ్ణి, అది వేరే సంగతి.

ఈ మొక్క కోసం తగవు పడ్డవాళ్ళలో నేను మొదటివాణ్ణేమీ కాదు. పదహారు వందల ఏళ్ళ కిందట, ఇప్పుడు లిబియాలో ట్రిపోలి అని పిలిచే ఓయియా పట్టణంలో దీనికోసం గుడిలో గలాటా జరిగింది. అక్కడి బిషప్పు, జెరోమ్ హెబ్రీ నుంచి కొత్తగా లాటిన్‌లోకి చేసిన అనువాదాన్ని ఆరాధనలో చదివించాడు. అప్పటిదాకా చర్చీలో చదువుతూ వచ్చింది, సెప్టువజింట్ అనే పాత గ్రీకు అనువాదాన్ని బట్టి చేసిన లాటిన్ బైబిలు. అందులో సొర ఉంది. జెరోమ్ దాన్ని తీసేసి ఐవీ అనే ఎగబాకే తీగ పేరు పెట్టాడు. జనం, ముఖ్యంగా అక్కడి గ్రీకులు, లేచి అరిచారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. తాతల నాటి నుంచి చెవినపడ్డ మాట అది. రోము నగరపు నేలమాళిగ సమాధుల గోడల మీద సొరపందిరి కింద పడుకున్న యోనా బొమ్మలు ఎన్నో ఉన్నాయి. ఆత్మీయులను సమాధి చేసిన చోట చూసిన బొమ్మను ఎవరో పండితుడు వచ్చి కాదంటే ఊరుకుంటారా? బిషప్పు ఆ ఊరి యూదులను పిలిపించి అడిగాడు. పాత అనువాదంలో ఉన్నదే హెబ్రీలోనూ ఉందని వాళ్ళు చెప్పారు. మంద చెదిరిపోతుందన్న భయంతో ఆయన పాత మాటనే మళ్ళీ చదివించాడు.

ఈ సంగతిని హిప్పో బిషప్పు అగస్టీన్ 403లో జెరోమ్‌కు ఉత్తరంలో రాశాడు. అప్పుడప్పుడూ మీరు కూడా పొరబడి ఉండవచ్చునేమో అని మెల్లగా చేర్చాడు. బేత్లెహేములో ఉన్న జెరోమ్‌కు చిర్రెత్తుకొచ్చింది. ఆ యూదులకు హెబ్రీ రాదన్నా అనుకోవాలి, లేదా మీ సొరకాయల పక్షాన్ని ఎగతాళి చెయ్యడానికి అబద్ధమన్నా ఆడి ఉండాలి అని జవాబిచ్చాడు.

ఎవరిది ఒప్పు? జెరోమ్ ఆ మొక్కను వర్ణించిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఆకులు ద్రాక్షాకుల్లా వెడల్పుగా ఉంటాయి, చాలా త్వరగా ఎదుగుతుంది, ఊతకర్ర అక్కర్లేకుండా తన కాండం మీద తాను నిలబడుతుంది. ఇది ఆముదం కాక ఇంకేమిటి? సొర కాదనడంలో జెరోమ్‌దే ఒప్పు. అయితే అంత చక్కగా వర్ణించిన మనిషే, దీనికి లాటిన్‌లో పేరు లేదు, కీకాయోన్ అని ఉంచితే ఎవరికీ అర్థం కాదు, అందుకని ఐవీ అన్నాను అంటాడు. పేరు లేకేం? ఆయనకు మూడు వందల ఏళ్ళ ముందే ప్లినీ తన ప్రకృతి గ్రంథంలో ఆముదానికి లాటిన్ పేరు రాసి పెట్టాడు. ‘రిసినస్’ అన్నాడు. గింజ గోమారిలా ఉంటుంది గనుక ఆ పేరు వచ్చిందని కూడా చెప్పాడు. అంతటి భాషావేత్తకు తన మాతృభాషలో ఒక నూనెగింజ పేరు అందలేదు. సొర అన్నవాళ్ళదీ తప్పే, ఐవీ అన్నవాడిదీ తప్పే. సరైన పేరు, దీపం కోసం ఆముదం కొనుక్కున్న ఏ సామాన్యుడి నోట్లోనో ఉండే ఉంటుంది.

జెరోమ్‌ను తక్కువ చేస్తున్నానని అనుకోకండి. ఆయనకు నోటి దురుసు ఉన్న మాట నిజమే, వినయానికి ఉదాహరణగా ఆయన్ని ఎవరూ చూపించరు. అయినా ఆయన హెబ్రీ నేర్చుకున్న తీరు చూడండి. సిసెరో లాటిన్‌ను చప్పరించిన నాలుకతో, సిరియా ఎడారిలో, క్రైస్తవుడైన ఒక యూదుడి దగ్గర ఓనమాలు దిద్దాడు. గొంతులోంచి లాగే ఆ శబ్దాలు పట్టుబడక విసిగి వదిలేశాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. బేత్లెహేములో వయసు మళ్ళాక కూడా, తోటి యూదులకు జడిసి రాత్రిపూట మాత్రమే వచ్చే ఒక గురువు దగ్గర పాఠం చెప్పించుకున్నాడు. మాటలో లేని వినయం ఆయన పనిలో ఉంది. మా అయ్యగారికి జెరోమ్ అంటే అంత ఇష్టం ఎందుకో నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

జెరోమ్, అగస్టీన్‌ల ఉత్తరాల కథ ఇంకా కొంచెం చెప్పాలి. తగవు సొరకాయతో మొదలవలేదు. దానికి దాదాపు పదేళ్ళ ముందు, ఇంకా బిషప్పు కాని అగస్టీన్, గలతీయుల పత్రిక రెండో అధ్యాయం గురించి జెరోమ్‌కు రాశాడు. అంతియొకయలో పౌలు పేతురును అందరి ముందూ గద్దించిన ఘట్టం అది. ఆ గద్దింపు ఇద్దరూ కలిసి ఆడిన నాటకమని జెరోమ్ వ్యాఖ్యానించాడు. అలాగైతే లేఖనంలో అబద్ధం చేరినట్టే కదా అని అగస్టీన్ ప్రశ్న. ఆ ఉత్తరం తీసుకువెళ్ళాల్సిన మనిషి ప్రయాణం కట్టే లోపు బిషప్పయి, కొన్నాళ్ళకే చనిపోయాడు. తరువాత రాసిన ఉత్తరం జెరోమ్‌కు చేరకముందే ఇటలీలో నలుగురి చేతుల్లో పడింది. తన మీద హిప్పో కుర్రవాడెవరో పుస్తకం రాసి రోముకు పంపాడని జెరోమ్ చెవిన పడింది. ఇక చూడండి. అలసిన ఎద్దే అడుగు గట్టిగా వేస్తుంది, జాగ్రత్త అని బేత్లెహేము నుంచి హెచ్చరిక వచ్చింది.

అగస్టీన్ క్షమాపణ అడిగాడు. అయితే వాదన వదులుకోలేదు. 405 ప్రాంతంలో రాసిన పెద్ద ఉత్తరంలో రెండు మాటలన్నాడు. చర్చీ వరసలో బిషప్పు ప్రెస్బిటర్ కంటే పైవాడే గాని, ఎన్నో విషయాల్లో అగస్టీన్ జెరోమ్ కంటే కిందివాడు అన్నది ఒకటి. రెండోది నాకు ఇంకా ఇష్టం. అంతియొకయలో పౌలు చూపిన ధైర్యం గొప్పదే, కాని తనకంటే వెనక వచ్చినవాడు అందరి ముందూ దిద్దితే ఓర్చుకున్న పేతురు వినయం అంతకంటే అరుదైనది, అంతకంటే పవిత్రమైనది అన్నాడు. నేను విన్న ప్రసంగాలన్నీ ఆ ఘట్టంలో పౌలు పక్షమే. పేతురు నోరు మూసుకుని నిలబడ్డ ఆ నిమిషం మీద ఎవరూ ప్రసంగించగా నేను వినలేదు.

జెరోమ్ ఓటమి ఒప్పుకున్నాడా? నోటితో ఒప్పుకోలేదు. పది పన్నెండేళ్ళ తరువాత పెలేజియస్ అనే బోధకుడి అనుచరులకు జవాబుగా రాసిన పుస్తకంలో, ఆ ఘట్టాన్ని అగస్టీన్ చదివినట్టే చదివి ముందుకు సాగిపోయాడు. అక్కడ అగస్టీన్ పేరు ఎత్తలేదు. పండితుల నుంచి ఇంతకంటే ఎక్కువ ఆశించకూడదు.

అగస్టీన్‌ను కూడా విగ్రహం చేసి నిలబెట్టవద్దు. ఉత్తరాల్లో అంత మెత్తగా ఉన్న మనిషే, డోనటిస్టులనే వేరు సంఘంవాళ్ళను ప్రభుత్వ బలంతో దారికి తేవడం న్యాయమేనని వాదించాడు. లేఖనం ముందు తల వంచినవాడు అధికారం చేతికి వచ్చినప్పుడు కూడా వంచుతాడన్న పూచీ ఏమీ లేదు. ఈ మాట మన సంఘాల ఎన్నికలు చూసినవాళ్ళకు కొత్త కాదు.

ఇప్పుడు మళ్ళీ యోనా దగ్గరికి వస్తాను. మొక్క పేరు మీద ఇంత రభస పడ్డవాళ్ళం, దాని కింద కూర్చున్న మనిషిని సరిగ్గా చూడలేదు. నాలుగో అధ్యాయం రెండో వచనంలో యోనా ప్రార్థన ఉంది. దేవుడు కృపగలవాడు, జాలిగలవాడు, త్వరగా కోపించడు, కీడు చేయడానికి వెనకాడతాడు అని చెబుతాడు. నిర్గమకాండం 34లో దేవుడు మోషేకు తన గురించి తాను చెప్పుకున్న మాటలే చాలావరకు అవి. అంటే యోనా వేదాంతంలో ఒక్క తప్పు లేదు. పరీక్ష పెడితే నూటికి నూరు వేయాల్సిందే. ఆయన కోపమంతా ఆ వేదాంతం నిజమైనందుకే. దేవుడు అలాంటివాడని నాకు ముందే తెలుసు, అందుకే తర్షీషుకు పారిపోయాను అంటాడు. నీనెవెవాళ్ళకు ఈ సిద్ధాంతాలేవీ తెలియవు. ప్రకటన విన్నారు, గోనెపట్ట కట్టుకున్నారు. పశువులకు కూడా కట్టారు. తెలియనివాళ్ళు ఊళ్ళో బతికి ఉన్నారు, అన్నీ తెలిసినవాడు ఊరి బయట నీడలో కూర్చుని చస్తానంటున్నాడు.

వేదాంత విద్యార్థి గురించి ఇంత నిర్దాక్షిణ్యంగా రాసిన పుస్తకం బైబిల్లో ఇంకొకటి లేదని నా అభిప్రాయం. యూదులు ఏటా ప్రాయశ్చిత్త దినం మధ్యాహ్నం, ఉపవాసంతో నీరసించి ఉన్న వేళ, ఈ గ్రంథం మొత్తం చదువుకుంటారు. ఎంచుకున్నవాళ్ళు మనుషుల్ని ఎరిగినవాళ్ళు.

మరి చదువు మానేస్తే గర్వం పోతుందా? ఇక్కడ నా తోటి సేవకులతో కొంచెం కటువుగా మాట్లాడక తప్పదు. ‘నేను ఏ కాలేజీలోనూ చదువుకోలేదు, దేవుడే నాకు నేరుగా బయలుపరిచాడు’ అని మైకు ముందు చెప్పే మాట మన సభల్లో చప్పట్లు తెస్తుంది. అందులో ఉన్న గర్వం జెరోమ్‌కు కూడా లేదు. జెరోమ్ యూదుడి దగ్గర కూర్చున్నాడు, ఈయన ఎవరి దగ్గరా కూర్చోనక్కర్లేదంటున్నాడు. చదువు వద్దన్న అదే మనిషి మరుసటి ఏడాది ఫ్లెక్సీ మీద పేరుకు ముందు ‘డాక్టర్’ తగిలించుకుంటాడు, అది ఇంకో తమాషా. అగస్టీన్‌కు హెబ్రీ రాదు, గ్రీకు అంతంతమాత్రం. అయినా క్రైస్తవ బోధ మీద రాసిన పుస్తకంలో, లేఖనం చదివేవాళ్ళకు ఆ రెండు భాషలూ కావాలని ఆయనే చెప్పాడు. తనకు లేనిది అవసరమైనదని ఒప్పుకోవడం తేలికైన పని కాదు. మనలో చాలామంది తమకు రానిది అనవసరమని తేల్చేసుకుంటారు.

అపొస్తలుల కార్యాలు 18లో అపొల్లో కనిపిస్తాడు. అలెక్సంద్రియలో పుట్టినవాడు, మాటకారి, లేఖనాల్లో దిట్ట. ఎఫెసు సమాజమందిరంలో ధాటిగా బోధిస్తున్నాడు. ఆయనకు తెలిసింది యోహాను బాప్తిస్మం వరకే. ప్రిస్కిల్ల, అకుల విన్నారు. వాళ్ళు డేరాలు కుట్టుకు బతికేవాళ్ళు. లేచి నిలబడి తప్పని అరవలేదు. ఆయన్ని వేరుగా తీసుకువెళ్ళి ఇంకా వివరంగా చెప్పారు. వాళ్ళేం చెప్పారో లూకా రాయలేదు, అపొల్లో ఎదురు మాట్లాడినట్టూ రాయలేదు. ఇప్పటి రోజుల్లో అయితే ఆ దంపతులు ముందు వీడియో పెట్టేవారు, దానికి అపొల్లో ఇంకో వీడియో పెట్టేవాడు. దిద్దేవాడికీ దిద్దించుకునేవాడికీ మధ్య ఒక గది ఉండాలి, ఆ గదికి తలుపు ఉండాలి. అగస్టీన్ ఉత్తరం ఇటలీలో నలుగురి చేతుల్లో పడకుండా నేరుగా బేత్లెహేముకు వెళ్ళి ఉంటే, ఆ తగవు సగం ఉండేది కాదు.

వేదాంతి కార్ల్ బార్త్‌ను తలుచుకోకుండా వేదాంత సభ ముగించకూడదని మా తరంలో ఒక నియమం. 9,000 పేజీలు దాటాక కూడా పూర్తి కాని తన గ్రంథాన్ని బండిలో వేసుకుని పరలోకానికి వస్తే దేవదూతలు నవ్వుకుంటారని ఆయన వేళాకోళమాడేవాడు. ఆ మాట చాలామందికి తెలుసు. ఆ గ్రంథం రాస్తున్న రోజుల్లోనే ఆయన బాసెల్ జైలుకు వెళ్ళి ఖైదీలకు ప్రసంగాలు చేస్తూ ఉండేవాడన్నది అంతగా తెలియదు. నాకు రెండోదే ముఖ్యం.

ఇక మా అయ్యగారి పద్ధతి ఒకటి చెబుతాను. ఆయన బైబిలు మార్జిన్ల నిండా పెన్సిలు రాతలు. ప్రతి రాత కింద సంవత్సరం. కొన్నేళ్ళకు దాని పక్కనే ‘తప్పు’ అని రాసి ఇంకో సంవత్సరం. రబ్బరుతో చెరిపేవారు కాదు. చెరిపితే తప్పు పోతుంది గాని, తప్పు చేసినవాడు కూడా పోతాడు కదయ్యా అనేవారు. ఈ పద్ధతి ఆయన ఎక్కడ పట్టారో నాకు తరువాత తెలిసింది. అగస్టీన్ చనిపోవడానికి మూడు నాలుగేళ్ళ ముందు, 426, 427 ప్రాంతంలో, తన పుస్తకాలన్నీ ముందేసుకుని మొదటి నుంచి చదివాడు. 93 రచనలు, 232 భాగాలు. ఎక్కడ ఏం పొరబడ్డాడో ఒక్కొక్కటీ రాస్తూ పోయాడు. కొన్ని చోట్ల సమర్థించుకున్నాడు కూడా, ఎంతైనా రచయిత కదా. అందులో మత్తయి 16లో ఉన్న బండ గురించి ఒక ముక్క ఉంది. ఆ బండ పేతురే అని ఒకప్పుడు రాశాను, తరువాత చాలాసార్లు క్రీస్తు అని చెప్పాను, ఈ రెంటిలో ఏది సరైనదో చదివేవారు ఎంచుకోండి అని వదిలేశాడు. పశ్చిమ క్రైస్తవ లోకమంతా ఎవరి మాట కోసం ఎదురుచూసిందో, ఆయన డెబ్బై దాటాక, ఎంతో బరువైన వచనం దగ్గర, మీరే ఎంచుకోండి అన్నాడు.

ఆ వేసవి ముగిశాక నేను కాలేజీకి తిరిగివచ్చి, అవ్వ సంగతంతా అయ్యగారికి చెప్పాను. నిజం చెప్పాలంటే సగం గొప్పగానే చెప్పాను. పల్లెలో హెబ్రీ బోధించి వచ్చాను గదా, మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన కీకాయోన్ సంగతి పట్టించుకోలేదు. దాసరి పురుగు ఎలా ఉంటుందని అడిగారు. నాకు తెలియదన్నాను. రెండు నెలలు అక్కడే ఉండి చూడలేదా అన్నారు. తల వంచుకున్నాను. ఆమె అడిగినదానికి ఏం జవాబు చెప్పావని అడిగారు. ఏమీ చెప్పలేదన్నాను. ‘పోనీలే, అదొక్కటి సరిగ్గా చేశావు’ అన్నారు. అంతటితో ఆ మాట అయిపోయిందనుకున్నాను.

యోనా గ్రంథం ప్రశ్నతో ముగుస్తుందని మీకందరికీ తెలుసు. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైగా మనుషులు, ఎన్నో పశువులు ఉన్న ఈ ఊరి మీద నేను జాలిపడకూడదా అని దేవుడు అడుగుతాడు. యోనా జవాబు రాయలేదు. లేచాడో, కూర్చున్నాడో తెలియదు.

అయ్యగారు పోయిన నెలకు, ఆయన హెబ్రీ బైబిలును ఆయన భార్య, అమ్మగారు, నాకు ఇచ్చారు. ఇంటికి తెచ్చి, నా స్వభావం ఎక్కడికి పోతుంది, ముందు యోనా నాలుగు తీశాను. మొక్క ఉన్న వచనం పక్కన ‘ఆముదం?’ అని ఉంది. ప్రశ్నార్థకంతో, నేను పుట్టకముందు సంవత్సరంతో. నేను గోడ మీద బొగ్గుతో రాసినదాన్ని ఆయన అంత ముందుగా పెన్సిలుతో రాసుకుని, ముగింపు చుక్క పెట్టకుండా వదిలేశారు. పురుగు ఉన్న వచనం పక్కన ‘దాసరి పురుగు, చూడాలి, 1978’ అని ఉంది. దాని కిందే ‘చూశాను, 1981’ అని ఇంకో రాత. కాలేజీ నుంచి నల్లగొండ చెలకలకు ఆయన ఎప్పుడు వెళ్ళారో, ఎవరిని తోడు తీసుకువెళ్ళారో అమ్మగారికి కూడా గుర్తు లేదు.

ఆ పేజీల్లో జర్మన్ పండితుల పేర్లు పొడి అక్షరాల్లో చాలాచోట్ల ఉన్నాయి. చివరి వచనం పక్కన మాత్రం ఏ పండితుడూ లేడు. చిన్న అక్షరాలతో తెలుగులో ఇలా ఉంది: ‘ఊళ్ళోకి వెళ్ళాడా? — నల్లగొండ వైపు ఒక అవ్వ.’